చేతిలోంచి దించని షేకర్

వెర్నా తిబోకి కోపం ముక్కు మీదే ఉంటుందని అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వెండిపూత కార్ఖానాల ఊరంతటికీ తెలుసు. కార్ఖానాలు ఎప్పుడో మూతబడ్డాయి గానీ ఆవిడ నోరు మాత్రం మూతబడలేదు. బడి వంటశాలలో ఏళ్ల తరబడి గరిటె తిప్పి రిటైరైంది. మందు పెద్దగా ముట్టదు. అయినా ఆవిడ వంటింటి అలమరలో కంచాలకి చోటు లేదు. అందులో ఉన్నదంతా తాతల నాటి మందు సామానే. వెండి పూత పూసిన ఐసు బకెట్లు, మందు పోసి, మూత పెట్టి, ఊపి కలిపే షేకర్లు, మేడల్లా మెట్లు మెట్లుగా పైకి లేచినవి. పూత అరిగి అడుగున ఇత్తడి కనబడితే ఆవిడకి మరీ ముద్దు.

"అరిగిందంటే ఎవరో సుఖంగా పట్టుకుని తాగారన్నమాట. దాన్ని చెరిపేస్తే ఇంకేం మిగిలింది నా మొహం!" అనేది. కొత్తగా పూత వేయించిన సామాను తెచ్చి చూపించేవాళ్లని గుమ్మం దిగేదాకా తిట్టేది. పూత వేయాలంటే ముందు సామానంతా రాకి నున్నగా చేయాలి. ఆ రాపిడికి పదునైన అంచులు అరిగిన సబ్బుబిళ్లలా మొద్దుబారిపోతాయి. పోయిన అంచు మళ్లీ రాదు.

ఆ వైపు శనివారం పొద్దున్నే ఇళ్ల ముందు పచ్చిక మీద పాత సామాను పరిచి అమ్ముతారు. అక్కడి న్యాయం ఒక్కటే: చేతిలో ఉన్నంతసేపే నీది, కింద పెట్టావా పక్కవాడిది. అలాంటి ఒక శనివారం వెర్నా ఒక షేకర్ అందుకుంది. సరిగ్గా అప్పుడే, దానికి జతగా అవే మెట్లున్న ఆరు కప్పుల్నీ ట్రేతో సహా కాజ్ డొంబ్రోస్కీ ఎత్తాడు. చలికాలం ఇళ్లు వెచ్చబెట్టుకునే చమురు చేరవేసే లారీ నడిపేవాడు, భార్య పోయినవాడు, పాత సామాను పిచ్చిలో ఆవిడకి తగ్గవాడు. అలాంటి జత మొత్తంగా దొరకడం ఇద్దరూ ఎన్నడూ ఎరగరు.

"కింద పెట్టవయ్యా, షేకర్ నా దగ్గరుంది!"

"కప్పులు నా దగ్గరున్నాయిగా. నువ్వే పెట్టు మహాతల్లీ!"

మధ్యాహ్నం దాకా ఇద్దరూ పెట్టలేదు. ఇంటావిడ విసిగిపోయి ఎవరి చేతిలోది వాళ్లకే అమ్మేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఏ ఇంటి పచ్చిక మీద ఎదురుపడినా ఇద్దరికీ అదే తగువు.

"ఒక్క సాయంత్రం మా ఇంటికి రావే వెర్నా," అనేవాడు కాజ్. "నీ షేకర్‌తో కలుపుదాం, నా కప్పుల్లో పోసుకుందాం. అయ్యాక ఎవరిది వాళ్లు పట్టుకుపోదాం."

వెళ్లాలనే ఉండేది. కానీ వెళితే షేకర్‌ని అతని బల్ల మీద పెట్టాలి. అదే భయం. అందుకే ప్రతిసారీ ఒకటే పుల్లవిరుపు మాట: "మసిబారిన నీ కప్పుల పక్కనా? ముందు వాటిని తళతళలాడించుకో, అప్పుడు వస్తా!"

కాజ్ నవ్వి ఊరుకునేవాడు. మొన్న చలికాలం, క్రిస్మస్ రాకుండానే అతని గుండె ఆగిపోయింది. మంచు కరిగాక అతని కూతురు రెనాటా ఫోన్ చేసింది. "కప్పులు మీకే ఇవ్వమన్నాడు ఆంటీ, నాన్న ఇంటికి వచ్చి తీసుకెళ్లండి."

వెర్నా షేకర్‌ని తువ్వాల్లో చుట్టి వెంట తీసుకెళ్లింది. విడిపోయిన జతని ఒక్కసారైనా కలిపి చూడాలి, అంతే. రెనాటా బల్ల మీద విస్కీ కూడా పెట్టి ఉంచింది. కప్పులున్న పెట్టె మూత తీసింది.

కప్పులు ధగధగ మెరిసిపోతున్నాయి. మెట్ల అంచులన్నీ కరిగినట్టు గుండ్రంగా అయిపోయాయి. వెర్నా షేకర్‌కి అవి ఇక ఈ జన్మలో జత కావు. ఆవిడకి ఒళ్లంతా మండిపోయింది.

"ఎవరు చేశారే ఈ పాడు పని? వాడి చేతులు పడిపోను! మీ నాన్న పోయేదాకా ఆగి రాకించేశావా?"

"నేను కాదు ఆంటీ, నాన్నే," అంది రెనాటా బెదిరిపోయి. "పూత వేసేవాడు కూడా వద్దన్నాడట, పాడైపోతాయని. 'ఆ సంగతి నాకు తెలీదా? తళతళలాడితే గానీ రానంది ఆవిడ' అన్నాడట. క్రిస్మస్‌కి మిమ్మల్ని పిలవాలని దాచిపెట్టుకున్నాడు."

వెర్నా ఒక కప్పు అంచుని వేలితో తడిమింది. ఆ వెంటనే కిటికీ అద్దాలు అదిరేలా అరిచింది.

"ఇరవై ఏళ్లుగా నా మాట ఒక్కటంటే ఒక్కటి విన్నావా ముసలోడా? వినక వినక ఇదే దొరికిందా నీకు వినడానికి? ఇదా?"

తువ్వాలు విప్పి, షేకర్‌ని కాజ్ బల్ల మీద ఆ కప్పుల పక్కన పెట్టింది. చెయ్యి తీసేసింది. అతన్ని తిట్టుకుంటూనే, వట్టి చేతులతో బయటికి నడిచింది.