బొమ్మాసురుడి మూడు వేళ్ళు

నాకు వేళ్ళు గీయడం రాదు. ఈ సంగతి మొదటే ఒప్పుకుంటే తర్వాత జరిగింది చెప్పడం తేలిక. ముఖం గీస్తాను, మీసం గీస్తాను, గాలికి ఎగిరే కండువా కూడా గీస్తాను. చెయ్యి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఐదు వేళ్ళూ అరటిపళ్ళ అత్తంలా ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. అందుకని ఒక బొటనవేలూ రెండు వేళ్ళూ గీసి చేతులు దులుపుకునేవాణ్ణి. మూడు వేళ్ళతో కత్తి పట్టుకోవచ్చు, టీ గ్లాసు పట్టుకోవచ్చు, ఎదుటివాణ్ణి చూపించి బెదిరించవచ్చు. బొమ్మల కథలో చేతికి అంతకన్నా పనేముంటుంది?

జమ్మలమడుగులో ఒక ఆఫీసులో గుమాస్తాను. ఇల్లు ప్రొద్దుటూరులో. ఆదివారాలు ఒక పిల్లల మాసపత్రికకు బొమ్మల కథ గీస్తాను. మా నాన్న పౌరోహిత్యం చేస్తారు. ముహూర్తాలు పెట్టించుకోవడానికి వచ్చిన ప్రతివారికీ ఆయన నన్ను చూపించి, "మావాడు రాక్షసులకు ప్రాణప్రతిష్ఠ చేస్తాడు" అని పరిచయం చేస్తారు. అందులో గర్వం ఎంతో వెటకారం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆయన చెప్పే రాక్షసుడు బొమ్మాసురుడు, నా కథలో విలన్. వాడు ఏ ఆటబొమ్మను ముట్టుకున్నా అది ఆయుధమైపోతుంది. బొంగరం తిప్పితే గోడకు చిల్లు పడుతుంది. గోళీలు విసిరితే తుపాకి గుండ్లు. తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ కోతి, తాళం తిప్పగానే డప్పు కొట్టడం మానేసి జనాన్ని కొట్టడం మొదలుపెడుతుంది. వాడికి ఎదురు నిలిచే హీరో కూడా ఒకడున్నాడు గానీ, నిజం చెప్పాలంటే వాడు ఉత్త మొద్దు. పిల్లలు రాసే ఉత్తరాలన్నీ విలన్ గురించే.

అలాంటి ఉత్తరాల్లో ఒకటి నా కొంప ముంచింది. "బొమ్మాసురుడికి మూడు వేళ్ళే ఎందుకున్నాయి?" అని ఎవరో అడిగారు. నాకు గీయడం రాక అని జవాబు రాసి ఉంటే సరిపోయేది. పొగరు ఒకటి ఏడ్చింది గదా! దానికోసం ఏకంగా ఒక కథ అల్లాను. బొమ్మాసురుడు కుర్రతనంలో గుడ్డబంతిని బాంబుగా మార్చడానికి పురికొస చుడుతుంటే అది చేతిలోనే పేలి రెండు వేళ్ళు ఎగిరిపోయాయట. ఆ కసితో వాడు లోకంలోని పిల్లల బొమ్మలన్నిటి మీదా పగబట్టాడట. పేజీ నిండా పొగ గీసి, మధ్యలో "ఢాం" అని రాసి, నన్ను నేనే మెచ్చుకున్నాను. హీరోకీ మూడు వేళ్ళే. వాళ్ళమ్మకీ, పోలీసుకీ, కూరగాయలమ్మే అవ్వకీ మూడే. వాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ ఎత్తలేదు.

కడప జిల్లాలో పుట్టి పెరిగి ఆ కథ రాసినవాడికి బుద్ధి ఉండాలి. మా వైపు కుడిచేతికి వేళ్ళు తక్కువైన పెద్దమనిషి కనిపిస్తే, ఎలా పోయాయని ఎవరూ అడగరు. పగలూ పార్టీలూ నడిచిన రోజుల్లో బాంబు చుడుతూ పోగొట్టుకున్నవి అవి. ఆ రోజులు పోయాయి. ఆ మనుషులు ఇప్పుడు చీనీ తోటలకు, అదే బత్తాయి తోటలకు, డ్రిప్పు పైపులు వేసుకుంటూ, మనవరాళ్ళను స్కూలు బస్సెక్కిస్తూ ఉంటారు. నేను మాత్రం అదంతా నా బుర్రలోంచి పుట్టిందే అనుకున్నాను.

సంచిక వచ్చిన నెలకు, ఒక ఆదివారం పొద్దున, తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద చీనీకాయల సంచితో ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. కుడిచెయ్యి చొక్కా జేబులో ఉంది. నాన్న అలవాటు ప్రకారం కూర్చోబెట్టి, పంచాంగం తెరిచి, అమ్మాయి నక్షత్రం ఏమిటని అడిగారు.

"నచ్చత్రం గాదు స్వామీ. నేను బొమ్మాసురుని కోసరం వచ్చినా. పులివెందుల అవతల, వేముల కాడ మాది."

నాన్న పంచాంగం మూసి, "అదుగో, వాడే" అని నన్ను చూపించారు. ఏ తండ్రీ కొడుకును అంత తొందరగా అప్పగించి ఉండడు. ఆయన దేవుడి గదిలోకి వెళ్ళిన మరుక్షణం గంట వినిపించింది. పూజ వేళ కూడా కాదది.

పెద్దాయన జేబులోంచి చెయ్యి తీశాడు. ఆ చేతిలో మడతపెట్టిన మా పత్రిక ఉంది. "ఢాం" పేజీ తెరిచి, బొమ్మాసురుడి చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టాడు. బొటనవేలు, రెండు వేళ్ళు. నేను ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసినా అంత బాగా కుదిరేది కాదు.

"నన్ను యాడ సూసినావప్పా నువ్వు?"

"చూడలేదు పెద్దాయనా, దేవుడి తోడు."

"మా ఊర్లో ఎవరన్నా చెప్పినారా?"

"మీ ఊరి పేరు కూడా నాకు తెలియదు. అది ఉత్త కల్పన."

ఆయన నన్ను కాసేపు చూసి, నాలో అబద్ధమాడే తెలివి లేదని నమ్మినట్టున్నాడు. "నాకు కోపం రాల్యా. భయమైతాంది," అన్నాడు. భయపడాల్సింది నేను కదా అనుకుంటూ, ఆయన చెప్పింది విన్నాను.

ఆయనకు మూడో తరగతి చదివే మనవరాలు ఉంది. కొడుకూ కోడలూ పనుల మీద పోతే రోజంతా ఆయన దగ్గరే ఉంటుంది. పిల్లకు ఆయన గుడ్డబంతులు చేసిస్తాడు. లోపల పాత గుడ్డలు కుక్కి, పైన పురికొస బిగించి చుట్టిన బంతి. రాయికేసి కొట్టినా విడదు. వీధిలో పిల్లలంతా ఏడు పెంకులాట ఆడేది ఆ బంతులతోనే. చుట్టడం వరకూ ఆ మూడు వేళ్ళూ చాలు. చివర ముడి వేసేటప్పుడు మాత్రం దారం జారకుండా ఎవరో ఒకరు వేలు పెట్టాలి. ఆ వేలు మనవరాలిది.

వేళ్ళు చొప్ప కోసే మిషన్లో పోయాయని ఆ పిల్లకు చెప్పి ఉంచారు. నా కథ చదివాక పిల్ల ఆ మిషను ఎక్కడుందో చూపించమంది. అమ్మేశామన్నాడు. మరి బర్రెలేవంది. అవీ అమ్మేశామన్నాడు. పిల్ల ఊరుకోక వీధిలో విచారణ పెట్టింది. ఒకరు మోటారు బెల్టులో పోయాయన్నారు, ఒకరు చెరకు గానుగలో అన్నారు, ఇంకొకరు పుట్టుకతోనే అంతే అన్నారు. ఊరంతా ఆయన పరువు కాపాడాలనే చూసింది గానీ, అందరూ ఒక మాట అనుకోవడం మరిచిపోయారు.

"నెల దినాలైంది. ముడి కాడ ఏలు పెట్టు పాపా అంటే చేతులు ఎనకాల పెట్టుకుంటాది. పేల్తాదేమో అని. అన్నం ముద్ద పెడితే ఎడం చేత్తో పెట్టు అంటాది." ఆయన పేజీలో బొమ్మాసురుణ్ణి చూపించాడు. "ఈని ఏళ్ళు చొప్ప మిషన్లో పోయినాయని రాయప్పా. నేను చెప్తే నమ్మదు. పుస్తకంలో ఉంటే నమ్ముతాది."

"బొమ్మాసురుడికి చొప్ప మిషను ఎందుకు పెద్దాయనా? వాడికి బర్రెలు లేవు."

"ఉండాయని రాయి. రాసేటోనివి నువ్వే గదా, రెండు బర్రెలు రాస్తే నీ సొమ్మేం పోతాది?"

సరేనన్నాను. చీనీకాయలు అప్పటికే లోపలికి వెళ్ళిపోయాయి కూడా.

వారమంతా కూర్చుని గీశాను. బొమ్మాసురుడు లోకాన్ని నాశనం చెయ్యబోయే ముందు బర్రెలకు మేత వేయడానికి వెళ్తాడు. బాంబు పేలిన కథ జనాన్ని భయపెట్టడానికి వాడు కోసిన కోత. అసలు వేళ్ళు పోయింది చొప్ప మిషన్లో. అంత చచ్చు కథ నేను ముందూ రాయలేదు, తర్వాతా రాయలేదు. బర్రె మాత్రం చాలా బాగా కుదిరింది. పత్రికకు పంపే ముందు పెద్దాయనకు చూపించాలని, మరుసటి ఆదివారం ప్రొద్దుటూరులో బస్సెక్కి, ముద్దనూరులో మారి, పులివెందులలో దిగి, వేముల దారిలో ఆటో పట్టుకున్నాను. భయం తగ్గింది. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. నా చేతకానితనం దాచుకోవడానికి రాసిన నాలుగు మాటలు, ఎవరింట్లోనో అన్నం ముద్ద దగ్గరికి వెళ్ళాయి.

ఇంటి ముందు అరుగు మీద ముడిపడని బంతులు నాలుగు ఉన్నాయి. పెద్దాయన లేచి, "పాపా, బొమ్మాసురుణ్ణి గీసే మామ వచ్చినాడు" అని కేకేశాడు. రెండు జడలతో ఒక పిల్ల వచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంతేనా అన్నట్టు మొహం పెట్టింది. కాగితాలు తీసుకుని అరుగు మీద కూర్చుని పూర్తిగా చదివింది. నాకు పరీక్ష కాగితం దిద్దించుకుంటున్నట్టు ఉంది.

"మామా, ఈనికి బర్రెలు ఎప్పట్నుంచి ఉండాయి?"

"ముందు నుంచీ ఉన్నాయి."

"ముందు పుస్తకాల్లో యాడా లేవే?"

"దొడ్లో ఉండేవి. బొమ్మలో పట్టలేదు."

పిల్ల తాత వైపు చూసింది. ఆయన చాలా శ్రద్ధగా ఎదురింటి గోడ చూస్తున్నాడు. పిల్ల హీరో చేతి మీద వేలు పెట్టింది. "మరి ఈనికేమాయె? ఈనికీ మూడే ఏళ్ళు. ఈ పోలీసుకూ మూడే. ఈ అవ్వకూ మూడే. అందురూ పోయి చొప్ప మిషన్లో చెయ్యి పెట్టినారా?"

అందరికీ మూడే అని ఇన్నేళ్ళుగా సంపాదకుడు కనిపెట్టలేదు, పాఠకులు కనిపెట్టలేదు. దొరికిపోయాను.

"నాకు ఐదు వేళ్ళు గీయడం రాదు పాపా," అన్నాను. "అందుకే అందరికీ మూడే గీస్తాను. బాంబూ అబద్ధమే, మిషనూ అబద్ధమే."

పిల్ల నన్ను చూసిన చూపులో జాలి ఉంది. "మా బళ్ళో ఒకటో తరగతోళ్ళకు గూడా వస్తాది. చెయ్యి కాయితం మీద పెట్టి సుట్టూ పెన్సిలు తిప్పల్ల. అంతే." నా కాగితం వెనక్కి తిప్పి, నా పెన్సిలే తీసుకుని, తన చెయ్యి పెట్టి గీసి చూపించింది. ఐదు వేళ్ళూ చక్కగా పడ్డాయి. తర్వాత నా చెయ్యి పెట్టించి గీసింది. అదీ బాగానే వచ్చింది. అప్పుడు, "జేజినాయనా, నువ్వూ పెట్టు," అంది.

ఆయన ఎడమచెయ్యి పెట్టబోయాడు.

"అది గాదు."

కుడిచెయ్యి పెట్టాడు. పెన్సిలు బొటనవేలు చుట్టూ తిరిగింది, చూపుడువేలు ఎక్కి దిగింది, మధ్యవేలు ఎక్కి దిగింది. అక్కడ ఆగిపోయింది.

"బాంబు చుడతాంటే పోయినాయి పాపా," అన్నాడు పెద్దాయన. "మిషనూ లేదు, బర్రెలూ లేవు. ఈ మామ ముందు రాసిందే నిజం."

నాకు అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది. కానీ నా కాగితం వాళ్ళిద్దరి చేతుల కింద ఉంది.

"ఎవురి మీద ఏసేదానికి?"

"ఉన్న్యాడులే ఒకాయప్ప. అప్పుడు మాకూ వాళ్ళకూ పడేది కాదు."

"ఏసినావా?"

"లేదు. నా చేతిలోనే పేలె."

నేను కథలు రాసేవాణ్ణి గానీ, ఆ తర్వాత ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాకు తట్టి ఉండేది కాదు.

"పేలకుంటే?"

పెద్దాయన చెయ్యి కాగితం మీద అలాగే ఉంది. "పేలకుంటే," అన్నాడు, "ఇంగో ఇంట్లో ఒక పాపకు జేజినాయన లేకుండా పోతుండె."

పిల్ల పెన్సిలు మళ్ళీ కదిపింది. లేని వేళ్ళ దగ్గర కొంచెం కూడా కల్పించకుండా, ఉన్న మొండి చుట్టూ ఉన్నట్టే గీసి, మణికట్టు దాకా తెచ్చి ఆపింది. నా బతుకులో నేను గీసిన అన్ని చేతులకన్నా అది బాగుంది. కాగితం నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

క్షమించమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. చేతులకు ఏదో ఒక పని కావాలన్నట్టు అరుగు మీది బంతి ఒకటి తీసుకుని, వదులైన పురికొస విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. ఆ మూడు వేళ్ళ వేగం చూస్తే ముచ్చటేసింది, అంతలోనే ఆ చెయ్యి అది ఎక్కడ నేర్చుకుందో గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. రెండూ నిజమే. చివరికొచ్చాక ఆయన ఎవరినీ పిలవలేదు. దారం కొస పళ్ళతో పట్టుకుని ముడి వేయబోయాడు. జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. నేను చెయ్యి చాపాను.

"నువ్వొద్దు మామా, నీకు రాదు."

పిల్ల ఎప్పుడొచ్చిందో గడప దగ్గర నిలబడి ఉంది. వచ్చి ఆయన ముందు గొంతుకూర్చుంది. రెండు చేతులూ వెనకాలే ఉన్నాయి. బంతినీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, కుడిచెయ్యి ముందుకు తెచ్చి, దారం మీద చూపుడువేలు పెట్టింది.

"ఊఁ. ముడెయ్యి."

ముడి పడటానికి చాలాసేపు పట్టింది. పాప కళ్ళు తెరవలేదు. వేలూ తీయలేదు.