ధాన్యం పక్కన పుస్తకాలు ఆరబోసిన సుశీల

సుశీల పోయిందట.

నిన్న పొద్దున గుడివాడ నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్తే, "ఏ సుశీల?" అని అడిగాను.

నాకు తెలిసిన సుశీల ఒక్కతే. అయినా అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

మొన్న ఆదివారమే ఫోన్లో నాతో అరగంట దెబ్బలాడింది. అంత గొంతున్న మనిషి ఇంతలో ఎలా పోతుంది? నిద్రలోనే పోయిందట. పర్మిషన్ అడక్కుండా పనులు చేసెయ్యడం దానికి మొదటి నుంచీ అలవాటే.

తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. తొంభైల్లో, దివిసీమలోని మా ఊళ్ళో సుశీల లైబ్రేరియన్. నేను హైస్కూల్లో సైన్స్ టీచర్ని. మాకు చుట్టరికం ఏమీ లేదు. "వదినా" అని పిలిచేది, నేను పలికేదాన్ని. అంతే.

లైబ్రరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. పెంకుటింట్లో రెండు గదులు.

పొద్దున్నే పేపర్ కోసం మగవాళ్ళు వచ్చేవారు. ఒకే పేపర్ని షీట్లు షీట్లుగా విడదీసి పంచుకునేవారు. రాజకీయాలు ఒకరికి, సినిమా పేజీ ఇంకొకరికి. సగం వార్త ఈయన చేతిలో, మిగతా సగం ఆయన చేతిలో. గట్టిగా మాట్లాడొద్దని సుశీల అరుస్తున్నా, ఆ సగం సగం జ్ఞానంతోనే గట్టిగా వాదించుకుని ఇళ్ళకి వెళ్ళేవారు.

బీరువాల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళేవారు కాదు.

అందుకే పైనుంచి మాట వచ్చింది. పాఠకులు లేరు కాబట్టి ఈ శాఖ ఎత్తేసి పుస్తకాలు టౌన్‌కి తరలిస్తారట. ముందు ఒక ఆఫీసరు వచ్చి చూస్తారట.

సుశీల ఉద్యోగానికి ఢోకా లేదు, బదిలీ అవుతుందంతే. దాని బాధ అది కాదు.

"ఒక పుస్తకం కోసం ఈ ఊరి ఆడవాళ్ళు బస్సెక్కి టౌన్‌కి వెళ్తారా వదినా?"

"నడిచి వెళ్ళే చోటికే రావడం లేదు కదే" అన్నాను. నా ఓదార్పు అలాగే ఉంటుంది.

ఇంతలో తుఫాను వచ్చింది. సరిగ్గా నూర్పిళ్ళ రోజుల్లో. లైబ్రరీ పెంకులు లేచిపోయి పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇక మూసెయ్యడానికి ఎవరూ వంక వెతుక్కోనక్కర్లేదు.

ఎండ కాసిన రోజున మా తారురోడ్డు కనపడలేదు. ఊరి ధాన్యమంతా దాని మీదే ఆరుతోంది. సుశీల రిక్షాలో పుస్తకాలు వేసుకొచ్చి, ఆ ధాన్యం పక్కనే బరకాలు పరిచి ఆరబోసింది.

పక్క ధాన్యం వెంకట్రావు గారిది. మంచి రైతు. లైబ్రరీ గడప తొక్కి ఎరగరు.

"ఏంటమ్మాయ్, నీ పంట కూడా తడిసిందా?"

"తడిసిందండి బావగారూ. మీది మిల్లువాళ్ళన్నా తీసుకుంటారు. నాది ఎవరిక్కావాలి?"

"సర్లే, నువ్వెళ్ళి అన్నం తినిరా. నేను చూస్తుంటాలే."

ధాన్యం ఎలా తిరగేస్తారో మీకు తెలుసుగా. కాళ్ళు ఈడ్చుకుంటూ, చాళ్ళు తీస్తూ నడుస్తారు. ఆయన తన ధాన్యం ఆ చివరి దాకా తిరగేసి, అదే నడకతో పుస్తకాల్లోకి వచ్చేశారు.

అప్పుడే తిరిగొచ్చిన సుశీల పెట్టిన కేక బందరు దాకా వినపడి ఉంటుంది.

"బావగారూ! కాళ్ళతోనా!"

ఆయన కిందకి చూసుకుని బిక్కచచ్చిపోయారు. లెంపలేసుకుని, వంగి ఒక్కో పుస్తకాన్నీ తీసి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. రోడ్డంతా ఒకటే నవ్వులు.

"బావా, ఆ మూలది లావుగా ఉంది. దానికి రెండు సార్లు దణ్ణం పెట్టు" అని ఎవరో అరిచారు.

"దణ్ణాలకి ఆరవండి. పేజీ పేజీ తిప్పాలి" అంది సుశీల.

అంతే, అందరినీ కూర్చోబెట్టేసింది. ధాన్యానికి కాపలా ఉన్న ఆడవాళ్ళనీ, కోళ్ళని తోలుతున్న ముసలమ్మల్నీ, సైన్స్ టీచర్నని మొత్తుకుంటున్న నన్నూ.

పేజీ తిప్పే చేతిని చూస్తూ కళ్ళు ఊరుకుంటాయా? మర్నాటికి రోడ్డు మీద మాటల్లేవు. మేకలు దర్జాగా ధాన్యం మేస్తున్నా అదిలించే నాథుడు లేడు. చదవడం రానివాళ్ళు పక్కవాళ్ళని పొడిచి, "ఊఁ, తర్వాత?" అంటున్నారు.

సాయంత్రం ధాన్యం కుప్పచేశాక వెంకట్రావు గారి భార్య చేతిలో ఓ నవలతో మెల్లిగా వచ్చింది.

"ఆ పిల్ల మొగుడి దగ్గరికి తిరిగెళ్తుందో లేదో తేలలేదమ్మాయ్. ఇంటికి పట్టుకెళ్ళనా?"

"పట్టుకెళ్ళండి అక్కయ్యగారూ. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి."

అలా ఒక్కొక్కటీ ఇళ్ళకి వెళ్ళిపోయాయి.

కొన్నాళ్ళకి ఆఫీసరు గారొచ్చారు. బీరువాలు తెరిచి చూస్తే బోసిగా ఉన్నాయి.

"పుస్తకాలేవమ్మా? అన్నీ పాడైపోయాయా?"

"లేదండి, ఊళ్ళో ఉన్నాయి. రండి, చూపిస్తాను."

ఆయన్ని వీధి వెంట తిప్పింది. అరుగుకో పుస్తకం. ఉబ్బిపోయి, వేయించిన అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. చదివేవాళ్ళు తల కూడా ఎత్తలేదు.

వెంకట్రావు గారి భార్య మాత్రం ఆఫీసర్ని చూసి పుస్తకం చప్పున కొంగు చాటున దాచేసింది.

"ఇంకా అవ్వలేదండీ. ఎత్తుకుపోకండి."

ఆయన ఒకడుగు వెనక్కి వేశారు. తర్వాత, "పూర్తిచేసి ఇవ్వండమ్మా. ఇచ్చి ఇంకోటి తీసుకోండి" అన్నారు.

శాఖ ఉండిపోయింది. పెంకులు కూడా వేయించారు.

నిన్న సాయంత్రం ఊళ్ళోంచి ఎవరో ఫోన్ చేసి, సంతాపంగా ఇవాళ లైబ్రరీ మూసేద్దామా అని సుశీల కూతుర్ని అడిగారట.

"వద్దండి. మూసేస్తే అమ్మ ఊరుకోదు" అందట ఆ పిల్ల.

ఇవాళ పొద్దున తెరిచారు. పేపర్ కోసం వచ్చినవాళ్ళు ఎప్పట్లాగే వాదించుకున్నారట. లోపలి గదిలో ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే ఆడపిల్లలు కుర్చీలు చాలక కిందే కూర్చున్నారట.

వెళ్ళు సుశీలా. ఎవరూ గట్టిగా మాట్లాడని చోట హాయిగా, ప్రశాంతంగా ఉండు.