ఈగలకు వరసలు కలిపిన ఈరయ్య మామ

పూడూరు ఈరయ్య మామకు ఒకటే పిచ్చి. కనిపించిన ప్రతి తేనెటీగకూ చుట్టరికం కలిపేవాడు. ఆయన పోయాక ఆ బలగమంతా దిక్కులేనిదైపోయింది. ఇప్పుడు మా ఇంట్లోకి ఈగ వస్తే ఏ వరసతో పిలవాలో తెలియక బిక్కమొహం వేస్తున్నాను. బడి మానేసినందుకు నాకు ఏనాడూ చింత లేదు. బడే నన్ను తట్టుకోలేకపోయింది. మామ దగ్గర ఇంకొన్నాళ్లు కూర్చోలేదే అన్నదే చింత.

మా దర్వాజాకు నల్ల తుమ్మెద బెజ్జం పెడుతుంటే కట్టె ఎత్తాను.

"ఆగు అల్లుడా! గాయన మనోళ్లల్ల వడ్లపనోడు, కట్టె తొలుసుడే గాయన పని."

"మరి గా కుట్టని చిన్నీగ?"

"మరదలు. కుట్టదు గాని జుట్టుల జొచ్చి సతాయిస్తది."

నీలిచారల ఈగ మట్టిలో గూడు చేసుకుంటే, ఇంకో ఈగ చాటుగా దూరి గుడ్డు పెట్టి పోయింది.

"గామె ఆడబిడ్డ. పిల్లల్ని అన్న ఇంట్ల దింపి పోతున్నది" అన్నాడు మామ.

ఒకసారి తాండూరు బండల గనిలో పెద్దీగలు నన్ను తగులుకున్నాయి. నా మొహం ఎంత వాచిందంటే, వికారాబాద్ స్టేషన్లో నాకు రెండు టికెట్లు కొట్టారు. మామ మాత్రం, "పెదనాయిన ముద్దు పెట్టిండురా, గంతకే ఏడుస్తవా?" అన్నాడు.

నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య జరిగిన ఏడాది, సంస్థానం సరిహద్దు అవతలి నుంచి చిన్నకూతురి చెయ్యి పట్టుకుని మా ఊరొచ్చింది బుగ్గమ్మ. ఆ పిల్ల శంకరమ్మకు అరవై రెండులో సంబంధం కుదిరింది. మాటముచ్చట నాడు మగపెళ్లివారి పెద్ద మల్లప్ప అడిగాడు.

"పిల్లను గంపల మోసుకొచ్చే మేనమామ ఏడి?"

బుగ్గమ్మ తల దించుకుంది. "నాకు తోడబుట్టినోళ్లు లేరన్నా."

"ముందు వెనక లేని ఇంటి పిల్ల మాకొద్దు" అంటూ మల్లప్ప కండువా దులిపాడు.

"నేను సచ్చిన్నా? నేనే మేనమామను" అన్నాడు ఈరయ్య మామ.

"నీ ఇల్లేడ, గామె ఇల్లేడ?"

"పెద్దీగ బండకు కడతది. జుంటీగ కొమ్మకు కడతది. ఇంకోటి తొర్రల కడతది. ఇండ్లు వేరైతే తోడబుట్టినోళ్లు కాకపోతరా?"

మల్లప్ప నోరు తెరిచాడు. తాంబూలంలోని తమలపాకు అందులో పెట్టి మూసుకున్నాడు.

పెళ్లినాడు శంకరమ్మను గంపలో కూర్చోబెట్టుకుని లేచాడు మామ. పిల్ల బొద్దు, మామ పుల్ల. నేను చెయ్యి వేయబోతే కసిరాడు.

"జరుగు! మేనమామ పని మేనమామే చెయ్యాలె."

"కాళ్లు వణుకుతున్నయి గదా మామా!"

"పుప్పొడి మోసే కాళ్లురా" అన్నాడు, రొప్పుతూ నవ్వుతూ. "జర వణుకుతయి."