చేతులు కట్టుకుంటే నేరుగా పోయే బండి

స్టీరింగు గట్టిగా ఉందని ఎవురన్నా బండి తెస్తే, కువైట్ ఖైతాన్‌లో మిగతా షెడ్లోళ్లు ముందు బోనెట్టెత్తి తల దూరుస్తారు. జిలానీ బాషా మాత్రం చెప్పులిడిచి, బండి ముందర గొంతుక్కూచుంటాడు. టైరు మీద అరచెయ్యి పెట్టి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నిమురుతాడు, బర్రెను కొనేటోడు పొదుగు తడిమినట్టు. ఒగ దిక్కు నున్నగా పోయి ఇంగో దిక్కు రంపం మాదిరి గీరుకుందంటే, "చక్రాలు రెండూ అలిగినాయప్పా, చెరొక పక్క చూస్తాండాయి" అంటాడు.

తర్వాత దారం తీస్తాడు. వెనక టైరు నుంచి ముందు టైరు దాకా నూలు దారం గుంజి కట్టి, ఒంటికన్ను మూసి చూస్తాడు. పెద్ద గ్యారేజీల్లో దీనికి మిషన్లుండాయంటే, "మిషన్‌కు కరెంటు కావాల, దారానికి కన్నుంటే సాలు" అని మీసం దువ్వుకుంటాడు. మీసమంటే చెప్పుకోదగ్గదేం కాదులే, పండ్లు తోముకునే బ్రష్షుకు తక్కువ.

ఆఖర్న ఒగ తంతుండాది. పని అయిపోయినంక బండిని రోడ్డెక్కించి, వేగం అందుకోగానే స్టీరింగు వదిలేసి, పెండ్లి ఫోటోలో పెద్దమనిషి మాదిరి రెండు చేతులూ కట్టుకుంటాడు. బండి వీధి చివరిదాకా గీత గీసినట్టు పోవాల. అట్ల పోని బండిని ఎంత అర్జెంటని మొత్తుకున్నా ఇచ్చేటోడు కాదు. ఆ చేతులు కట్టుకోడం చూసి వీధంతా నవ్వేది. అదే ఒగనాడు మెడకు చుట్టుకుంది.

తొంభై ఆగస్టులో ఇరాకోళ్లు కువైట్ మీద వచ్చి పడినారు. జిలానీ అక్క అమీనా బీ రుమైథియాలో ఒగ కువైటీ ఇంట్లో వంటమనిషి. ఆమె మొగుడు మునాఫ్ అదే ఇంటికి డ్రైవరు. ఇంటామె మామా, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఎండలకు తాళలేక ముందే వేరే దేశం పోయినారు, ఇంగ రాలేదు. కరెంటు పోయి, కిందనుంచి నీళ్లు మోస్తా అమీనా బీ మెట్ల మీద జారింది. తొడ దాకా సిమెంటు కట్టు పడింది.

జోర్డాన్ దిక్కు పోయే బస్సుల్లో మనుషులు ఊపిరాడక నిలబడి పోతాండారు. కాలు చాపుకుని కూచోవాల్సిన మనిషిని అందులో యాడ పెట్టేది? దిక్కల్లా కఫీల్ ఇడిసిపెట్టిపోయిన పాత కాప్రిస్ కారే. "కఫీల్ ఈడుంటే తనే తీసుకపొమ్మనేటోడు" అని మునాఫ్ తనకు తానే చెప్పుకుని, భార్యను వెనక సీట్లో పండబెట్టుకుని షెడ్డుకు తెచ్చినాడు.

"బామ్మర్దీ, ఇది కారు కాదురా, మొండి దున్న. మలుపు తిప్పేసరికి నా చంకలు దిగిపోతాండాయి. నేరుగా పోనిస్తే ఎడమకు గుంజుతాది."

"నిన్ను ఇన్నేండ్లు మాయక్క ఎట్ల తోలిందో ఇప్పుడన్నా తెలిసిందా బావా?"

"నన్ను నవ్విచ్చద్దురా, కాలు సలుపుతాది" అనింది అమీనా బీ లోపల్నుంచి.

జిలానీ ముందు చక్రాలు జాకీ మీద గాల్లోకి లేపినాడు. గాల్లో స్టీరింగు తేలిగ్గా తిరిగితే రోగం బెల్టులోనో, ఆయిల్లోనో, టైర్ల గాలిలోనో ఉన్నట్టు. గాల్లో గూడా పట్టేస్తే కీళ్లలో ఉన్నట్టు. ఈ బండి ఒగ చోట టక్కున పట్టేసింది. కింద కీలు గ్రీజు లేక ఎండిపోయింది. పైన చూస్తే, చేతికి బరువు తగలకుండా చేసే స్టీరింగు బెల్టు సాగిపోయి నులకమంచం మాదిరి ఉంది. రెండు రోగాలూ ఉండాయి.

అంగళ్లన్నీ మూత. రోడ్డు పక్కన అదే రకం బండి ఒగటి అద్దాలు పగిలి పడుంటే, దాని కీలూ బెల్టూ ఊడదీసుకొచ్చినాడు. "దొంగతనం కాదక్కా. చచ్చిపోయిన బండి కండ్లు దానం చేసింది" అన్నాడు. దారం కట్టినాడు, ఒంటికన్ను మూసినాడు, చక్రాలకు రాజీ కుదిర్చినాడు. మర్నాడే బయల్దేరాలనుకున్నారు.

అలవాటు ఊరకుంటుందా? బండిని రోడ్డెక్కించినాడు. వీధి చివర ఇరాకీ చెక్‌పోస్టుందని తెలుసు. అయినా చేతులు కట్టుకున్నాడు. బండి బాణం మాదిరి పోయి ఇసక మూటల ముందర నిలబడింది.

కాపలా సిపాయి నోరు తెరుచుకుని చూసినాడు. బండి చుట్టూ తిరిగి, బోనెట్టు తట్టి, "మంచి సయ్యారా, మంచి కారు! మా ఆఫీసరు ఇట్లాంటిదే వెతుకుతాండాడు. పొద్దున వచ్చి తీసుకుంటాడు. యాడికీ కదలద్దు" అని తుపాకి సర్దుకున్నాడు. ఊరు దాటాలంటే ఆ చెక్‌పోస్టు కాడి మలుపు తప్ప వేరే దోవ లేదు.

షెడ్డుకు వచ్చినంక మునాఫ్ బామ్మర్దీ అనలేదు. "చేతులు కట్టుకోకుంటే నీ ప్రాణం పోయేదా జిలానీ?" అన్నాడు. అంతే. అమీనా బీ మొగం అటు తిప్పుకుంది. ఆమె ఒగ మాట తిట్టుంటే బాగుండేది.

జిలానీ టైరు మీద అరచెయ్యి పెట్టి కూచున్నాడు. తర్వాత లేచి, ఎట్ల బాగుచేసినాడో అట్లే చెడగొట్టడం మొదలుపెట్టినాడు.

ఆ బండికి నీళ్ల పంపు బెల్టు వేరే, స్టీరింగు బెల్టు వేరే. స్టీరింగు బెల్టు ఊడదీసినాడు. చక్రాలు మలిపే రాడ్డు మీద సుద్దతో గీత పెట్టుకుని, మర తిప్పి, రెండు చక్రాలనూ మళ్లా అలిగించినాడు. ముందు టైర్ల గాలి సగం తీసేసినాడు. ఎవురన్నా మెకానిక్కు ఇట్లాంటి బండి ఇస్తే వాని చేతులు నరకాలనే మనిషి. ఆ పొద్దు తన చేతులనే చూసుకుంటా చేసినాడు.

"బెల్టు దొరికితే మనల్ని బతకనీరు. యాడ దాస్తావు?" అన్నాడు మునాఫ్.

జిలానీ అక్క దిక్కు చూసినాడు. అమీనా బీకి అర్థమైపోయింది. "తేరా. మీ బావ వడ్డాణం చేయిస్తానని ఎన్నేండ్లుగానో చెప్తాండాడు. తమ్ముడు చేయిచ్చినాడనుకుంటా" అని బురఖా కింద నడుముకు చుట్టుకుంది.

పొద్దున ఆఫీసరు వచ్చినాడు. వెనక సీట్లో అమీనా బీ ఉండంగానే తనే ఎక్కి తోలినాడు, బావా బామ్మర్దులు వెనకంబడి పోయినారు. బండి మలుపు దగ్గర తిరగనని మొరాయించి, ఎడమకు పోయి గోడకు గీరుకుని ఆగింది. ఆఫీసరు చేతులు విదిలిస్తా దిగి సిపాయిని తిట్టినాడు. సిపాయి జిలానీ మీదికొచ్చినాడు. "నిన్న బాగుండింది! వీడు చేతులు వదిలేసి తోలినాడు, నా కండ్లతో చూసినా!"

మునాఫ్ వెనక సీటు తలుపుకు అడ్డంగా నిలబడినాడు. జిలానీ వచ్చీరాని అరబ్బీలో, దండం పెడతా చెప్పినాడు. "ఖర్బాన్ సార్, చెడిపోయిన బండి. పట్టుకున్నా తిరగదు, వదిలేసినా తిరగదు. ఇంగ చేతులకెందుకు కష్టమని కట్టుకున్నా."

ఆఫీసరు జిలానీని ఎగాదిగా చూసినాడు. నవ్వలేదు. వెనక సీట్లో కట్టు కాలితో ఉన్న ఆడమనిషిని చూసినాడు. బండి టైరును ఒగ తన్ను తన్ని, పోతా పోతా జిలానీ పనిముట్ల పెట్టె ఎత్తించుకుపోయినాడు. మొదటి జీతం నుంచి ఒగొకటే కూడబెట్టిన పెట్టె. రాడ్డు బిగించిన పానా మాత్రం షెడ్డు కాడ, రాత్రి బండి నిలిపిన చోట ఇసకలో మిగిలింది. దాన్ని జేబులో ఏసుకుని, "యల్లా బావా, పోదాం పా" అన్నాడు.

ఊరు దాటినంక టైర్లు అరిగిపోతాయని సుద్దగీత చూసి చక్రాలు సరిచేసినాడు, డిక్కీలో ఉన్న పంపుతో గాలి కొట్టినాడు. బెల్టు మాత్రం ఏయలేదు. ఇరాక్ గుండా దోవ పొడుగునా చెక్‌పోస్టులే. యాడ సిపాయిలు ఆపినా, ఒగసారి స్టీరింగు తిప్పి చూసి, ఈ మొండి బండి మాకెందుకని పొమ్మన్నారు. మునాఫ్ అరచేతులు బొబ్బలెక్కి పగిలినాయి. గుడ్డలు చుట్టుకుని తోలినాడు. ఇద్దరూ వంతులేసుకున్నారు. ఎగతాళ్లు ఆగిపోయినాయి.

జోర్డాన్ గేటు కాడ ఆ పొద్దు బండ్లను దాటనీలేదు. బండి ఈడ్నే ఇడిసి నడిచి పొమ్మన్నారు. గేటవతల గుడారాలు కనబడతాండాయి. మునాఫ్ భార్యను వీపుకెత్తుకున్నాడు.

"ఉండు బావా" అన్నాడు జిలానీ. "అక్కా, వడ్డాణం ఇయ్యి."

"ఇంగెందుకురా? దాన్ని ఎవురు తోల్తారు?"

జిలానీ బెల్టు అందుకున్నాడు. బోనెట్టెత్తి, ఒగే పానాతో, రాయి ఒగటి అడ్డం పెట్టి బెల్టు బిగించినాడు. బండి స్టార్టు చేసి, "బావా, వేలు పెట్టు" అన్నాడు.

మునాఫ్ భార్యను వీపు మీద మోస్తానే వంగి, గుడ్డ చుట్టిన చేతిలో ఒగ వేలు కిటికీ లోంచి పెట్టి తిప్పినాడు. స్టీరింగు నీళ్లలో తెడ్డు మాదిరి తిరిగింది. "ఓరి బామ్మర్దీ" అన్నాడు. ఇన్నాళ్లకు ఆ పిలుపు విన్నంకనే జిలానీ బండి ఆపినాడు. తాళం దానికే ఉంచి తలుపు మెల్లగా మూసినాడు.