చిత్తడి పార్కులో ఆయన చదివిన బోర్డు

మొన్న మనవరాలితో మెట్రో రైలెక్కితే, ప్రతి స్టేషనుకూ ముందే ఒక గొంతు పేరు చెబుతోంది. నా కాలంలో ఆ గొంతు మా ఆయనదే. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి సికింద్రాబాదు వచ్చిన నాకు బస్సు మీది పేరూ, మందుల చీటీ, చివరకు పల్లీల పొట్లం కట్టిన కాగితం ముక్క కూడా ఆయనే చదివి వినిపించేవారు. మీ ఇళ్లలోనూ చాలామంది ఆడవాళ్లు అలాగే బతికి ఉంటారు.

రైల్వే పార్సిల్ ఆఫీసులో రిటైరైన ఏడాది, ఆయన పట్టుబట్టి నన్ను సీతాఫల్‌మండిలో పెద్దవాళ్లకు పెట్టిన సాయంత్రం బడిలో చేర్చారు. ఈ వయసులో నాకెందుకని ఏడ్చినా వినలేదు. పలక నా చేతికిచ్చి, తరగతి అయ్యేదాకా గేటు బయట నిలబడేవారు. తిప్పలు పడి గుణింతాలు దాటాను గానీ, బయటకు వెళితే మాత్రం ఎప్పటిలా ఆయన్నే చదవనిచ్చేదాన్ని. ఆయనకది ముచ్చట.

అవి కంప్యూటర్ ఉద్యోగాల జోరు రోజులు. నగరానికి ఆ చివర అద్దాల మేడలు లేస్తుంటే, వాటి మధ్య మిగిలిన చిత్తడి నేలకు కంచె వేసి, చెక్కబాట పరిచి పార్కు చేశారు. పక్షులొస్తాయట, చూసొద్దాం అన్నారాయన. పులిహోర కట్టుకుని, బస్సులు మారి వెళ్లాం.

అక్కడ జమ్ము మనిషెత్తు పెరిగి ఉంది. నీళ్ల మీద నాచు, కుళ్లిన ఆకుల వాసన, ఆవలి గట్టున లారీలు మట్టి పోస్తున్న చప్పుడు. మొదటి బోర్డు దగ్గర ఆగి ఆయన కొంగల గురించి చక్కగా చెప్పారు. నేను అక్షరాలు కూడబలుక్కుని చదివితే, తినుబండారాలు పారేయవద్దని ఉంది. తప్పు నాదే అనుకున్నాను. మొన్న మొన్నటి చదువు నాది, జన్మంతా చదివిన మనిషి ఆయన.

మలుపులో ఇంకో బోర్డు. "ఇటు దిగితే పక్షులు దగ్గరగా కనపడతాయట, రావే" అంటూ ఆయన అడుగు వేశారు. నేనింకా అక్షరాలు కలుపుకుంటూనే ఉన్నాను. ఊబి అని తెలిసేసరికి ఆయన మోకాళ్లదాకా దిగిపోయారు.

చొక్కా పట్టుకుని అరిచాను. లాగినకొద్దీ ఇంకా దిగుతున్నారు. బురద నడుం దాటింది. కాపలా అతను వెదురు గెడతో పరుగెత్తుకొచ్చాడు.

"కట్టె గట్టిగ పట్టుకో పెద్దాయనా, కాళ్లు ఆడియ్యకు!"

పైకి లాగాక అతని భయమంతా కోపమైంది. "ఏందీ, గిట్ల పరేషాన్ చేస్తరు? గింత పెద్ద అక్షరాలు కనబడ్తలెవ్వా?"

బురద కడగడానికి అతను నీళ్ల కోసం వెళ్లాక, ఆయన నా వైపు చూడకుండా అన్నారు.

"కనపడుతున్నాయే. అన్నీ కనపడుతున్నాయి. ఒక్కటీ ఏటో తెలీట్లేదు."

ఎన్నాళ్ల నుంచీ అని నేను అడగలేదు. నా చేతికి పలకిచ్చి గేటు బయట నిలబడ్డ మనిషి కళ్లముందు మెదిలారు.

తిరుగు బస్సులో దుకాణాల పేర్లు నేనే చదివాను, బోయిగూడ దాటేదాకా. బురద ఎండిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన తలూపుతూ విన్నారు. ఆ తర్వాత మాటలూ ఒక్కొక్కటే పోయాయి. చివరి ఏడాది నా పేరు పోయింది.

ఆ చిత్తడిని పూడ్చేసి మేడలు కట్టారట. మొన్న మెట్రోలో ఆ గొంతు కంటే ముందే నేను కిటికీలోంచి స్టేషను పేరు పైకే చదివేశాను.

"అదే చెప్తుంది కదా నానమ్మా, నీకెందుకు కష్టం?" అంది మనవరాలు.

నిజమే. అది చెబుతుంది, తప్పు కూడా చెప్పదు. నాకు చదువొచ్చేదాకా గేటు బయట మాత్రం నిలబడదు.