బీమా సంచిలో బత్తాయిలు

పటాన్‌చెరు బడిలో పాఠాలు చెబితే వచ్చే జీతం చాలక, మా ఆవిడ పేరు మీద బీమా ఏజెన్సీ తీసుకున్నాను. పేరు ఆవిడది, తిరుగుడు నాది. అంతకుముందు నన్ను చూసి పిల్లలే పారిపోయేవారు; ఆ తరువాత పెద్దలూ మొదలుపెట్టారు. సారును ఎదురుగా కాదనలేక, ఇంట్లో ఉండి కూడా లేమనిపించేవారు.

బీరంగూడలో నా చిన్ననాటి దోస్తు ఉండేవాడు. ఫ్యాక్టరీలో పని. పాలసీ కోసం వెళ్లినప్పుడు వాడూ ఒకసారి అలాగే లేననిపించాడు. తరువాత ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడని తెలిసి, బత్తాయిలు కొని చూడబోయాను. పండ్లు వేసుకోవడానికి చేతికందింది నేను రోజూ పాలసీ కాగితాలు మోసుకు తిరిగే సంచే.

గేటు దగ్గర వాడి భార్య సంచి వైపు చూసి, "ఇంట్ల లేడన్నా, డ్యూటీకి పోయిండు" అంది. లోపలి నుంచి దగ్గు వినబడింది. ఆమె తల దించుకుంది. పండ్లు గోడ మీద పెట్టి సైకిలెక్కాను. రేపు సంచి లేకుండా రావాలనుకున్నాను.

మరునాడు వెళ్లేసరికి ఇంటి ముందు జనం. నన్ను చూడగానే ఆమె బావురుమంది.

"పండ్లు సూసి, 'వాడు నా కోసమే వచ్చిండే, జల్దీ పిలువు' అన్నడన్నా. గల్లీ చివరిదాంక ఉరికొచ్చిన. ఎంత పిలిచినా తిరిగి సూడకపోతివి."

ఆ పిలుపు నాకు వినబడింది. బీమా సారును వెనక్కి పిలిచేవాళ్లెవరుంటారని, ఇంకెవరినో అనుకుని, సైకిలు తొక్కుకుంటూ పోయాను.