మాబున్ని 'ఆల్దో' వెనకాలే 'బట్'

మా చిన్నప్పుడు... ప్రొద్దుటూరులో ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు పీరియడు గంట కొడితే చాలు, నా పక్కన కూర్చునే మాబున్ని నా వెనక్కి నక్కేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. ఆరో తరగతికి వస్తేగానీ మాకు ఏబీసీడీలు తెలియవు. పదాలు ఎలాగో బట్టీ పట్టేవాళ్ళం... తంటా అంతా వాటిని కలిపే చిన్న మాటల దగ్గరే. తెలుగులో 'అమ్మా, నాన్నా' అని దీర్ఘం తీస్తే సరిపోయేది. ఇంగ్లీషులో మధ్యన 'అండ్' పెట్టాలట! ఇంక చూడండి... అండ్ మీద అండ్ వేసి ఊపిరాడకుండా చదివేవాళ్ళం.

మాబున్నిది మరో బాధ. 'ఆల్దో' అని మొదలుపెడితే మధ్యలో 'బట్' పడాల్సిందే. 'బికాజ్' అంటే వెనకాలే 'సో' రావాల్సిందే. రెండింట్లో ఒకటి చాలని మార్తమ్మ టీచరు ఎంత చెప్పినా బుద్ధిగా తలూపేది... మళ్ళీ రెండూ వేసేది.

వాళ్ళ నాన్న కాశింసాబు పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాబున్ని తర్వాతి చిన్నపిల్లల్ని చూసుకునే దిక్కు లేదని, ఆ ఏటితో బడి మాన్పిస్తానన్నాడు. మా టీచరు వాళ్ళింటికి వెళ్ళి, బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఒకసారి బడికి రమ్మంది. కూతురి ఇంగ్లీషు విని, తర్వాత మీ ఇష్టమంది.

ఆ రోజు రానే వచ్చింది. కాశింసాబు దూది అంటిన చొక్కాతోనే వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు గారు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, చివరికి మాబున్నిని లేపారు. బడికి ఎందుకొస్తున్నావని ఇంగ్లీషులో అడిగారు.

"ఆల్దో మై హౌస్ ఈజ్ ఫార్, బట్ ఐ కమ్. బికాజ్ ఐ లైక్ స్కూల్, సో ఐ కమ్" అనేసింది గబగబా.

క్లాసంతా కిసుక్కుమంది. టీచరు తల దించుకుంది. ఇంక దీని చదువు అయిపోయిందనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు గారు నవ్వలేదు. ఒకటి చాలు కదా, రెండెందుకు వేశావని తెలుగులో అడిగారు.

"పరుపుకు ఒక ముడేస్తే ఊడిపోతాదంటాడు సార్, మా నాయన. అందుకే రెండేసినా."

అప్పుడు నవ్వారాయన... కళ్ళనీళ్ళు వచ్చేదాకా. కాశింసాబును లోపలికి పిలిచి, తప్పులు రేపు దిద్దుకుంటుంది, ఈ ధైర్యం మాత్రం మేం నేర్పేది కాదు అన్నారు.

కాశింసాబు కూతురి వైపే చూస్తూ నిలబడ్డాడు.

"నాకు ఒక్క ముక్కా తెలీలేదు సార్. బిడ్డ అట్ల లేచి మాట్లాడతాంటే శానా బాగుండాది. పదకొండో తరగతి దాకా సదువుకోనీలే."

మాబున్ని అప్పటి బడి ఆఖరి తరగతి పదకొండు పాసై, టీచరు ట్రైనింగు చేసి, దువ్వూరులో ఏళ్ళ తరబడి పిల్లలకు ఇంగ్లీషే చెప్పింది!

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో సగం మాట కొట్టకముందే, తప్పు ఉంటే ఆ ఫోనే దిద్దేస్తోంది. మంచిదే... కానీ నలుగురిలో తడబడి, నవ్వుల మధ్య నేర్చుకున్న ఆ చదువులో ఒక వెచ్చదనం ఉండేది. మీరు మొదటిసారి లేచి నిలబడి చెప్పిన ఇంగ్లీషు వాక్యం గుర్తుందా? తప్పులు దిద్దకుండా, ఉన్నదున్నట్టు కింద రాయండి...